గోడవైపు తిరిగి తినే మా వదిన

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నా చేతిరాత కోడి గెలికినట్టు ఉంటుంది. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘాలు ఎక్కడ తీయాలో నాకు సరిగా తెలియదు. ఇప్పటి బడి మాస్టరు దిద్దుతానన్నాడు. ఆయన దిద్దగా మిగిలిన తప్పులు మీరే దిద్దుకొని చదవండి.

మా వదిన చనిపోయింది. మొన్న శ్రావణమాసంలో, కుప్పంలో, కూతురి ఇంట్లో. ఆ పొద్దున నేను పుంగనూరులో పాలకేంద్రం దగ్గర క్యాను దించుతా ఉన్నాను. కేంద్రం ఆయన లోపలి నుంచి ఫోను తెచ్చి నా చెవి దగ్గర పెట్టినాడు. అవతల మా అన్న కొడుకు. మదనపల్లె నుంచి చేసినాడు.

"సిన్నాయనా, మాయమ్మ పోయింది."

"ఎప్పుడప్పా?"

"తెల్లారేటప్పుడంట. పాప ఫోన్ చేసింది. మనూరికే తెస్తాండాము. నువ్వు ఇంటికాడ ఉండు."

నేను ఊరికి వచ్చి, ఇంట్లో పొయ్యి మీద నీళ్లు చల్లినాను. చావు కబురు తెలిసిన ఇంట్లో నిప్పు ఉండకూడదు. ఆ పొయ్యి ఆమె మెత్తిన పొయ్యే. నీళ్లు పడగానే బుస్సుమని ఆవిరి లేచింది. బూడిద వాసన వచ్చింది. మా అన్న పక్కన, మా చేని గట్టున ఆమెను సాయంత్రానికి పూడ్చినాము.

ఆమెను గురించి ఈ పత్రికకు రాయమని మాస్టరు అడిగితే మొదట నాకు చేతకాదన్నాను. నలుగురిలో మాట్లాడేదే నాకు రాదు, ఇంక నలుగురు చదివేది ఏం రాస్తాను? కానీ నాకు ఒక సంగతి తెలియాలి. ఈ పత్రిక మన పల్లెలన్నిటికీ పోతుందంట. చదివేవాళ్లలో ఎవరికైనా తెలిసి ఉంటుందేమోనని ఆశ. ఆ సంగతి ఇంతే. మా వదినకు తినేదాంట్లో ఏది ఇష్టం?

ఇదేమి ప్రశ్న అనుకుంటారు. ఎందుకు వచ్చిందో చెబుతాను.

మా వైపు మూడో దినం పాలు పోస్తారు. పూడ్చిన చోట ఆకు పరిచి, పోయినవాళ్లకు ఏది ఇష్టమో అది వండి పెడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే వాళ్లు తృప్తిగా పోయినట్టు. మా అన్న పోయినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఉలవచారు, నాటుకోడి కూర, పక్కన ఒక బీడీ. బీడీ పెట్టమన్నది వదినే. "అది లేకుంటే ఈ పక్కకు కూడా రాడప్పా మీ యన్న" అనింది. అంత ఏడుపులోనూ ఆ మాటకు అందరం నవ్వినాము. కాకి వెంటనే వచ్చింది.

వదిన వంతు వచ్చింది. పొద్దున్నే కోడలు పొయ్యి దగ్గర కూర్చొని, "అత్తకు ఏమి వండల్ల?" అని అడిగింది.

కొడుకు ఆలోచించకుండా చెప్పినాడు. "మాయమ్మకు సంగటి మాడంటే పానం. నా సిన్నప్పట్నుంచి సూస్తాండా. కుండ గీక్కొని తినేది."

పాప, అంటే వదిన కూతురు, అంతవరకు మూలలో మోకాళ్ల మీద తల పెట్టుకొని ఉంది. తల ఎత్తింది.

"నువ్వు యాడ సూసినావన్నా? ఇన్నావు. సూళ్లేదు."

"ఏమి ఇనేది?"

"గంటె సప్పుడు. ఆ కరువు సంవత్సరాల్లో కుండలో ఏముండాది గీకేదానికి? మనకు పెట్టినాక అది ఒట్టి కుండ. ఒట్టి కుండనే గీకేది మాయమ్మ. తినిందని మనం అనుకోవల్లని. నేను ఒకనాడు నీళ్లకు పోయి సూసినా. ఎవురికీ సెప్పొద్దని నా సెయ్యి పట్టుకునింది."

కొడుకు కోపంగా అన్నాడు, "సరే, నువ్వు సెప్పు. ఇన్నాళ్లు నీ ఇంట్లోనే గదా ఉన్నింది. ఏమిష్టం?"

"ఏమి పెట్టినా బాగుండాదమ్మా అనేది" అని మాత్రం పాప అనింది.

ఇద్దరూ నా పక్క తిరిగినారు. "సిన్నాయనా, నువ్వు సెప్పు. ఆ సేతి కూడు నీ అంత తిన్నోళ్లు ఎవురుండారు?"

నిజమే. ఎవరూ లేరు. నా పెళ్లి అయిన కొన్నాళ్లకే నా భార్య పోయింది. అప్పటి నుంచి నా కంచం మా అన్న ఇంట్లోనే. పొద్దున సద్ది, మధ్యాహ్నం సంగటి, రాత్రికి అన్నమో సంగటో, అన్నీ ఆమె చేతి నుంచే. ఆమె నాకు ఏమి పెట్టిందో చెప్పమంటే పొద్దుగూకే దాకా చెబుతాను. ఆమె ఏమి ఇష్టంగా తినింది అంటే నాకు ఒక్క మాట రాలేదు.

చివరకు కోడలు అన్నం, పాలు, ఒక ముద్ద సంగటి పెట్టింది. గట్టు మీద దూరంగా కూర్చున్నాము. ఎండ నెత్తికి వచ్చింది. కాకి రాలేదు. పెద్దాయన ఒకడు "ఏదో కొరత ఉండాదప్పా" అని, ఆకు ఎత్తి ఆవుకు పెట్టించినాడు.

అప్పటి నుంచి నేను వెతుకుతా ఉన్నాను. నా గుర్తులో ఉన్నదంతా ఒక్కొక్కటే తీసి చూస్తున్నాను.

ఆమె సంగటి చేసేది చూసినవాళ్లు మీలో ఉంటారు. ఎసట్లో పోసిన రాగిపిండి ఉడికినాక కుండను దించి, రెండు పాదాలతో ఒత్తి పట్టుకొని, తెడ్డుతో ఎనిపేది. ఒక్క ఉండ ఉండేది కాదు. తర్వాత చెయ్యి నీళ్లలో ముంచి ముద్దలు కట్టేది. ఎవరి ముద్ద వాళ్లదే. అన్న ముద్ద పెద్దది, గట్టిది. పిల్లలవి నిమ్మకాయంత. నా ముద్దకు నడుమ బొటనవేలితో ఒక గుంత నొక్కేది. నాకు పుల్లగూర ఆ గుంతలో పోసుకొని తినేది అలవాటు. నేను ఎన్నడూ అడగలేదు. నేను కెలికేది చూసి ఆమే కనిపెట్టింది.

అంతే కాదు. మా అన్నకు ఊరిబిండి పచ్చడిలో చెనిక్కాయలు బరకగా ఉండాలి, పాపకు మెత్తగా ఉండాలి. రోట్లో సగం తీసి ఒక పక్క పెట్టి, మిగతాది మళ్లీ నూరేది. నాకు వంకాయ తింటే గొంతు గరగర. వంకాయ కూర చేసిన దినం నా కోసం చట్టిలో కొంచెం చింతచిగురు పప్పు ఉండేది. ఒకసారి సిగ్గుపడి, "నాకోసరం యాల వదినా వేరేగా?" అన్నాను.

"ఆకలి అడగదప్పా. మొగం సూసి పెట్టల్ల" అనింది.

మొగం చూసి పెట్టేది ఆమెకు వచ్చు. ఆమె మొగం చూసేది మాకు కుదరలేదు. ఎందుకంటే ఆమె గోడవైపు తిరిగి తినేది.

మేమంతా తిని లేచినాక, వంటింట్లో పొయ్యి పక్కన, వాకిలికి వీపు పెట్టి, గోడకు ఎదురుగా కూర్చునేది. కంచం ఒళ్లో పెట్టుకునేది. మనకు కనిపించేది వీపు, ముడి, కదిలే మోచెయ్యి. అంతే. మా అన్న ఎన్నోసార్లు ఎగతాళి చేసినాడు. "గోడకు తినిపిస్తాండావా ఏమి? లావైతాండాది సూడు!"

"మా పుట్టింట్లో మాయవ్వ అట్ల నేర్పిచ్చింది. ఆడోళ్లు తినేది ఎవురి కంటా పడగూడదంట. ఇప్పుడు మానుకోమంటే మెడ తిరగదు" అనేది.

ఆమె పుట్టిల్లు కలకడ పక్క పల్లె. ఆ అవ్వను నేను చూడలేదు. చూసి ఉంటే ఒక మాట అడిగేవాణ్ణి.

మార్గశిరం వస్తే మా ఇంట్లో పితికిపప్పు. అనపగింజలు రాత్రి నానబోసి, పొద్దున ఎండ పడే చోట అందరం చుట్టూ కూర్చొని పితికేవాళ్లము. గింజను రెండు వేళ్ల నడుమ నొక్కితే తొక్క చేతిలో మిగిలి పప్పు ఎగిరి పళ్లెంలో పడుతుంది. నా వేళ్లు మొద్దువి. నేను నొక్కితే పప్పు పళ్లెం దాటి ఆవుల దగ్గర పడేది.

"సూడండి మీ సిన్నాయన్ని! ఆయప్ప పితికినంక కూర వండల్లంటే ఉగాదికి తింటాము."

"మరి నన్ను వదిలెయ్యి వదినా."

"వదిలేదెట్ల? కూసో. తినేటప్పుడు మాత్రం ముందర ఉంటావు గదా."

ఆ కూర ఉడికేటప్పుడు ఆమె మొగం తేటగా ఉండేది. మసాలా నూరి వేసినాక మూత తీసి ఒకసారి వాసన చూసేది. అయితే పితికిపప్పే ఇష్టమేమో అని మొన్న అనుకున్నాను. తర్వాత ఇంకొకటి గుర్తుకొచ్చింది. మూత తీసినప్పుడు ఆమె చూసేది కుండలోకి కాదు. చుట్టూ చేరిన పిల్లల వైపు. అది కూరకు వచ్చిన తేటదనమా, పిల్లలను చూసి వచ్చినదా? నేను చెప్పలేను.

కరువు సంవత్సరాలు మీకందరికీ తెలిసినవే. బావిలో నీళ్లు అడుగంటినాయి. రాగులు రాలేదు. ఆవుల్ని ఒక్కొక్కటే సంతకు తోలేసినాము. సంగటి రానురాను పలచనయింది, తర్వాత అంబలి అయింది. ఆ కాలంలో కూడా మేము తిని లేచినాక వంటింట్లో గంటె చప్పుడు వినిపించేది. గరగరా గీకి, చివర కుండ అంచుకు టక్కున ఒక దెబ్బ. ఆ టక్కు వింటే మాకు ఒక నెమ్మది. ఇంట్లో అందరూ తిన్నారు అని. పాప చెప్పిన దినం నుంచి ఆ చప్పుడు నా చెవిలో వేరేగా వినిపిస్తా ఉంది.

మా అన్న జబ్బు చేసి పోయినాక కొడుకు ఆమెను మదనపల్లెకు పిలుచుకుపోయినాడు. అతను టమోటా మండీలో పని చేస్తాడు. మండీ దగ్గరే ఒంటిగది ఇల్లు. నేను ఊళ్లో ఆవుతో ఉండిపోయినాను. నెలకొకసారి చూసి వచ్చేవాణ్ణి. అక్కడ గ్యాసు పొయ్యి. ఆమె దాని ముందర నిలబడి వండేది. ఎట్లుంది వదినా అని అడిగితే, "బాగుండాదప్పా. పొగ లేదు. కండ్లల్లో నీళ్లొస్తే ఏమి సాకు సెప్పుకోవల్లో తెలీదు గానీ" అనింది.

ఆ ఒంటిగదిలో వంటకు వేరే గోడ లేదు. తినేటప్పుడు గ్యాసు సిలిండరు పక్క తిరిగి తినేది.

మన పల్లెల నుంచి టమోటాలు తెచ్చినవాళ్లు మండీలో పని ముగించి ఆమె ఇంటికి వచ్చేవాళ్లు. మీలో కొందరు అట్ల వచ్చి తిన్నవాళ్లే. ఒకనాడు నేనూ ఉన్నాను. మా బంధువు ఒకాయన వచ్చినాడు. ఆ దినం ధర పడిపోయి, తెచ్చిన కాయలన్నీ రోడ్డు పక్కన పారబోసి వచ్చినాడు. చేతులకు ఇంకా ఆ రసం ఉంది. వదిన కంచం పెడితే తోసేసినాడు.

"నాకొద్దమ్మా. లోపలికి పోదు."

ఆమె కంచం మళ్లీ ముందరికి జరిపింది. "తిని ఏడువప్పా. ఖాళీ కడుపుతో ఏడిస్తే ఏడుపు కూడా నిలబడదు."

ఆయన ఏడుస్తానే తిన్నాడు. ఆ దినం కూర కూడా టమోటా పప్పే. ఎవరం ఆ మాట ఎత్తలేదు.

తర్వాత ఆమెకు గొంతులో గడ్డ లేచింది. కుప్పంలో కూతురు చూసుకుంటానని తీసుకుపోయింది. ఆసుపత్రుల చుట్టూ తిప్పినారు. గట్టిది ఏదీ మింగకూడదన్నారు. గంజి, పాలు, గంజి. అందరికీ వండి పెట్టిన మనిషి చెంచాతో గంజి తాగుతా పడుకుంది.

ఎండాకాలం చివరలో నేను పోయినాను. పుంగనూరు నుంచి పలమనేరు, పలమనేరు నుంచి కుప్పం. సంచిలో మామిడిపండ్లు. ఆమెకు మింగుడు పడదని తెలుసు. ఒట్టి చేతులతో పోలేక తీసుకుపోయినాను. చిక్కి చేటంత మనిషి చేరెడు అయింది. నన్ను చూసి మొదట అడిగింది ఇదే.

"తిని వచ్చినావా?"

"తిన్న్యా వదినా. పలమనేరులో."

"ఏమి తిన్న్యావు?"

"ఇడ్లీ."

"అది తిండేనా? పాపా, మీ సిన్నాయనకు సంగటి కెలుకు."

పండు ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టినాను. ముక్కు దగ్గర పెట్టుకొని కండ్లు మూసుకుంది. చాలాసేపు అట్లే ఉంది.

"ఇష్టమా వదినా?" అన్నాను.

"మీ యన్నకు ఇష్టం" అనింది.

నేను ఆమెతో ఎప్పుడూ ఎక్కువ మాట్లాడింది లేదు. ఆ దినం ఎందుకో నోరు వచ్చింది. "నీకు ఏది ఇష్టం? ఏమి తినల్లనుండాదో సెప్పు. మింగేదానికి కాకపోతే నాలిక మీద పెట్టుకుందువు. నేను తెస్తా."

ఆమె నా వైపు వింతగా చూసింది. మాట సన్నగా వచ్చింది.

"ఏమని సెప్పల్లప్పా? నన్ను ఎవురూ అడగలా. నన్ను నేను కూడా అడుక్కోలా."

కొంచేపటికి ఆమే మళ్లీ అనింది. నవ్వినట్టే ఉంది. "ఉండు, యోసన సేస్తా. నువ్వు బస్సుకు పో, మళ్లీ వస్తావు గదా. ఆ పొద్దుకు సెప్తా. ఏదో ఒకటి ఉండకుండా పోతాదా?"

పాప సంగటి పెట్టింది. నేను తింటా ఉంటే వదిన మంచం మీద నుంచి నా కంచం వైపే చూసింది. "ముద్దకు గుంత పెట్టలేదే పాపా" అనింది.

మళ్లీ పోయేలోపలే ఫోను వచ్చింది.

పెద్దదినం, పెద్దకర్మ నాడు మేము ఏ ఒక్కటీ వదలలేదు. సంగటి, ఊరిబిండి, పుల్లగూర, ఉలవచారు, కోడికూర, వడ, పాయసం. అనపకాయల కాలం కాకపోయినా ఎండిన గింజలు నానబోసి పితికిపప్పు చేసినారు. ఆకు నిండింది. చూస్తే ఏముంది? పుల్లగూర నాది. ఉలవచారు, కోడికూర అన్నవి. పాయసం కొడుకుది. మెత్తని ఊరిబిండి పాపది. ఆకంతా మా ఇష్టాలే. ఆమెది అందులో ఏదీ కనపడలేదు. నేను సంగటిని కొంచెం పక్కకు జరిపి ఆకులో ఒక మూల ఖాళీ చేసినాను.

"అదేమి సిన్నాయనా, ఆ జాగా యాల ఖాళీ?" అని కొడుకు అడిగినాడు.

"అది మీ యమ్మది. యోసన సేస్తాండాది" అన్నాను.

ఆ మాటకు పాప గట్టిగా ఏడ్చింది. కుప్పంలో చివరి దినాల్లో గంజి తాగమని చెంచా పట్టుకుపోతే, "ఉండు పాపా, యోసన సేస్తాండా. మీ సిన్నాయనకు ఒక మాట సెప్పల్ల" అనేదంట. ఏమి మాటమ్మా అంటే, "ఇంకా తెలీలా" అనేదంట.

ఈసారి కాకి వచ్చింది. వడ ఎత్తుకుపోయింది. అందరూ అమ్మయ్య అనుకొని లేచినారు. నాకు నెమ్మది రాలేదు. కాకికి వడ ఇష్టం. ఊళ్లో ఎవరు పోయినా అది ఎత్తుకుపోయేది వడే.

ఇప్పుడు మార్గశిరం. పుంగనూరు సంతలో అనపకాయలు కుప్పలు పోసినారు. నేను ఒక్కణ్ణే వండుకుంటున్నాను. నా ముద్దకు నేనే గుంత పెట్టుకుంటే అది సరిగా రాదు. మొన్న ఒకనాడు తినేటప్పుడు మనసు ఊరకుండలేదు. కంచం తీసుకొని వంటింట్లోకి పోయి, ఆమె కూర్చునే చోట, వాకిలికి వీపు పెట్టి, గోడకు ఎదురుగా కూర్చున్నాను. ఇన్నాళ్లు ఆ ఇంట్లో ఉండి ఆ గోడను దగ్గరగా చూసింది అదే మొదలు. గోడంతా మసి. నల్లగా, పొరలు పొరలుగా. కూర్చున్న మనిషి తలకు సరిగా ఒక చోట మాత్రం మసి లేదు. అరచేయంత జాగా. నూనె పట్టి, నున్నగా, మెరుస్తా ఉంది.

తినే మనిషి నుదురు గోడకు ఆనదు. తినేది లేనప్పుడే ఆనుతుంది.

ఆ పూట నేను తినలేకపోయినాను. పండక్కి ఇల్లంతా సున్నం కొట్టించాలని కొడుకు అంటున్నాడు. ఆ గోడ వద్దన్నాను.

ఇదీ సంగతి. ఇంక నేను అడిగేది కలకడ పక్క పల్లెల వాళ్లను. మా ఊరికి కోడలుగా రాకముందు ఆమెను చిన్నపిల్లగా చూసినవాళ్లు, ఆమెతో ఆడుకున్నవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటారు. వాళ్లవ్వ గోడవైపు తిప్పకముందు ఆమె ఒకనాడైనా ఎండలో కూర్చొని, కాళ్లు చాపుకొని, ఏదో ఒకటి నోటి నిండా పెట్టుకొని తిని ఉంటుంది. చెనిక్కాయలో, చింతకాయో, రేగుపండో, బెల్లంముక్కో. ఏదైనా సరే. చిన్నదైనా సరే.

వచ్చే శ్రావణానికి ఏడాది దినం. ఆకులో ఆ మూల ఇంకా ఖాళీగానే ఉంది. మీలో ఎవరు చూసినా, రాత బాగాలేదని సిగ్గుపడకుండా, నా మాదిరిగానే తప్పులతో అయినా సరే, తొందరగా ఈ పత్రికకే జవాబు రాయండి.